మానవాళికి సున్నా మార్కులు

1973

మార్చి 12, సోమవారం

ఈ రోజు ఆడవాళ్ళ క్లాసులో ఎంత నవ్వామో. ముందు అది రాసుకోవాలి, లేకపోతే మరచిపోతాను.

వయోజన వాచకంలో పదకొండో పాఠం, చంద్రుని మీద మనిషి కాలు పెట్టడం. "ఇది మానవాళి సాధించిన విజయం" అన్న వాక్యం దగ్గర పూలమ్మ ఆగిపోయింది. మానవాళి అంటే ఏందని అడిగింది. మనుషులందరూ కలిపి అని చెప్పాను. అప్పుడు వెనక వరుసలోంచి సారలమ్మ లేచింది. గని పైన బొగ్గు బెల్టు మీద రాళ్ళు ఏరే పని ఆమెది. డ్యూటీ దిగి సరిగ్గా మొహం కడుక్కోకుండానే క్లాసుకు వస్తుంది, రెప్పలకు బొగ్గు కాటుక పెట్టినట్టే ఉంటుంది.

"అందరంటే మేం గూడనా టీచరమ్మా?"

"మీరూనే."

"మరి మాకు చెప్పకుంటనే పోయిండ్రేంది? ఒక్క మాట చెప్తే సద్ది గట్టిస్తుంటిమి గద!"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత నవ్వు వచ్చింది.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను, నవ్వుతాడని. సామ్యేల్ నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో నేను చెప్పిన మాట ఒక్కటీ ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

మార్చి 13

ఎక్కలేదని రాశాను గానీ, ఒకసారి ఎక్కింది. కిరసనాయిలు తెమ్మన్నది.

మార్చి 19

మేడే మీటింగు ఉపన్యాసం ఈసారీ ఆయనదే. గని కింద నీళ్ళు తోడే పంపు ఆపరేటరు అయినా యూనియన్లో ఆయన మాట్లాడితే జనం కదలకుండా నిలబడతారు. ప్రతి ఏడూ ఒకటే పద్ధతి. ఆయన పడక కుర్చీలో కూచుని చెప్తాడు, నేను రాస్తాను, దిద్దుతాను, సాపు చేసి ఇస్తాను, ఆయన బట్టీ పడతాడు. తెలుగు నాది, గొంతు ఆయనది. పాస్టరుగారి బిడ్డను, భాష నాకు ఇంట్లోనే వచ్చింది. ఆయనది తట్ట మోసిన ఇల్లు.

ఈసారి మొదటి వాక్యం నేనే ఆలోచించి పెట్టాను. "సమస్త మానవాళికి తిండి, బట్ట, వెలుతురు సమకూర్చేవాడు కార్మికుడే." ఎంత నిండుగా ఉంది! చదివి వినిపించాను.

"సూద్దాం" అన్నాడు.

ఎప్పుడూ "మంచిగున్నది" అనేవాడు.

మార్చి 24, శనివారం

పక్క క్వార్టరు యేసమ్మ నల్లా దగ్గర బిందె నింపుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నది.

"మీ ఆయన బెల్టు కాడ కనవడ్డడట గద సుగుణా. పంపేమో బాయిల కిందుంటది, బెల్టేమో పైనుంటది. తొవ్వ తప్పిండేమో!"

"యూనియన్ పనుంటది అక్కా" అన్నాను. నీళ్ళు పొంగి పోతున్నా బిందె తియ్యలేదని తర్వాత చూసుకున్నాను.

అన్నం పెట్టేటప్పుడు అడిగాను. దాచలేదు.

"సారలమ్మకు రెండు ముక్కలు చదివి వినిపిచ్చిన. మన మాటలు వాళ్ళకు సమజైతున్నయా లేవా సూసుకోవాలె గద."

ఎంత సాదాగా చెప్పాడు. అబద్ధమాడితే బాగుండేది, గొడవ పెట్టుకోవడానికి నాకో దారి ఉండేది.

మార్చి 25, ఆదివారం

నాకు కుళ్ళు లేదు. ఉండడానికి అక్కడ ఏముంది? నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. చేతులు చూస్తే మగవాడి చేతులు. మొగుడు మొగిలి బొగ్గు నింపేవాడు, పైకప్పు కూలి నడుం విరిగి మూడేళ్ళుగా మంచంలోనే ఉన్నాడు. ఒక్కతే బిడ్డ లింగవ్వ, సర్కారు బడిలో మూడో తరగతి. ఇంత కష్టంలో ఉన్న మనిషిని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా? ఆయనను "అన్నా" అని పిలుస్తుంది. పిలిస్తే ఏమైంది, ఊళ్ళో అందరూ అందరినీ పిలుస్తారు.

గుడికి నీలం చీర కట్టుకుని పోయాను. నీలం చీర బాగుందని ఆయన అనలేదు.

పాస్టరుగారు సర్వమానవాళి కొరకు ప్రార్థన చేయించారు. కళ్ళు మూసుకుని అందరినీ తలుచుకోబోయాను. ఒక్క మొహం దగ్గరే ఆగిపోయాను.

ఏప్రిల్ 2

బెల్టు దగ్గర రాళ్ళు తీయడానికి యంత్రం వస్తోంది. ముప్పై మంది ఆడవాళ్ళకు పని ఉండదు. అందులో ఆరుగురిని మాత్రం లాంపు గదిలోకి తీసుకుంటారట. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి, బిళ్ళ మీద పేరూ నంబరూ చదవడం వస్తేనే ఆ పని. అందుకని చదువు పరీక్ష పెట్టమన్నారు. యాభై మార్కులు, నలభై రావాలి. పెట్టేది నేనే, దిద్దేది నేనే.

క్లాసులో అందరూ సారలమ్మ వైపే చూశారు. మొదటి పేరు ఆమెదే అనుకుంటున్నారు. నిజమే, చదవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆరు నెలల కింద అ రాయడానికి పలక విరగ్గొట్టిన మనిషి. నేర్పింది నేను.

"పని పోతే మా ఇంట్ల పొయ్యి వెలగది టీచరమ్మా" అన్నది. నవ్వుతూనే అన్నది.

"బాగా చదువు" అన్నాను.

ఏప్రిల్ 5, గురువారం

ఈ రోజు ఉపన్యాసం చదివి వినిపించాడు. నేను అడిగితే వినిపించాడు.

నా వాక్యం లేదు. దాని చోట ఇట్లా ఉంది: "బాయిల దిగెటోడు, వానికి సద్ది గట్టెటామె, మన బొగ్గుతోని కరెంటు ఏసుకునేటోడు, ఆ కరెంటు ఇంక సూడనోడు, అందరం ఒక్క మందే."

"'ఒక్క మంది' ఏం తెలుగండీ?" అన్నాను.

"సారలమ్మ అన్నది. మానవాళి అంటే, అది ఇంకెవలో పెద్దోళ్ళు, మేం గాదు అనుకుంటరట జనం. గా మాట ఇన్నంక ఎవలి ఇంటికి వాళ్ళు పోతరట."

నేను పెన్సిలు తీశాను. ఊరికే, ఒక కామా పెడదామని. ఆయన పుస్తకం మూసేశాడు. కోపంగా కాదు, మెల్లగా మూశాడు. కోపంగా మూసినా బాగుండేది.

రెండు పూటలా అన్నం సయించలేదు. ఎండలు మొదలయ్యాయి, అందుకే అయి ఉంటుంది.

ఏప్రిల్ 9, సోమవారం

పరీక్ష అయింది. పద్ధతి ప్రకారమే పెట్టాను. అందరి ముందూ పెట్టాను. రాసుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత ఎవరైనా అడిగితే నాకు గుర్తుండాలి.

చదవడానికి ఇరవై, రాయడానికి ఇరవై, ఐదు మాటలకు అర్థం చెప్తే పది. మాటలు వాచకంలోంచి ఏవైనా అడగవచ్చు. పూలమ్మను జలం, గృహం, రవి, మార్గం, మిత్రుడు అడిగాను. భయపడే మనిషి, తేలికవి అడగాలి కదా.

సారలమ్మ చదవడంలో ఒక్క తప్పు పోలేదు, ఇరవైకి ఇరవై. రాయడంలో పదమూడు వచ్చాయి. రాళ్ళు ఏరి ఏరి వేళ్ళు బిగుసుకున్నాయి, ఒత్తులు సరిగ్గా తిరగవు. అర్థాల్లో మూడు చెప్పింది. "సహకారం" చెప్పలేకపోయింది. ఐదోది మిగిలింది. అది చెప్తే నలభై ఒకటి, చెప్పకపోతే ముప్పై తొమ్మిది. ఈ లెక్క నేను ముందే వేసుకోలేదు. అడిగిన తర్వాతే తెలిసింది.

"మానవాళి" అన్నాను.

మొహం విప్పారింది ఆమెకు. కాసేపు ఆలోచించింది. ఆమె ఆలోచించేటప్పుడు పెదవులు కదులుతాయి.

"నడిమిట్ల గీత గియ్యకుంట లెక్కవెడితె ఎంతమంది అయితరో, గంతమంది" అన్నది.

పూలమ్మ "అబ్బ" అన్నది.

వాచకం వెనక పేజీలో మానవాళి: సమస్త మనుష్యుల సమూహము అని ఉంది. ఆమె ఆ మాట చెప్పలేదు. సున్నా వేశాను.

ఏప్రిల్ 10

నియమం నియమమే.

ఏప్రిల్ 11

నియమం నియమమే అని నిన్న రాశాను. మళ్ళీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. తలనొప్పి. అమృతాంజనం అయిపోయింది.

ఏప్రిల్ 13, శుక్రవారం

గని ఆఫీసు దగ్గర పట్టిక అంటించారు. ఐదుగురు గెలిచారు. ఆరో చోటు ఖాళీ. సారలమ్మ తప్ప మిగిలినవాళ్ళకు ఎవరికీ ముప్పై ఐదు దాటలేదు. ఆ చోటు ఇంకొకరికి దక్కినా నాకు చెప్పుకోవడానికి ఒకటి ఉండేది.

సాయంత్రం నాలుగింటికి సారలమ్మ ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయటే నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, దానికి జవాబు కూడా తయారు చేసుకున్నాను.

"ఏ మాట తప్పు వొయింది టీచరమ్మా? నేర్సుకుంట."

"మానవాళి."

"అది తప్పా?"

ఇక్కడ రాసేటప్పుడు నేను మాట మార్చవచ్చు. ఆమె ఎదుటే, తప్పు కాదని, మార్చి ఉండవచ్చు. గడప మీద ఎండ పడుతోంది, ఆమె కాళ్ళకు చెప్పులు లేవు, ఒక కాలు మీద ఒక కాలు మార్చుకుంటూ నిలబడింది.

"తప్పే" అన్నాను. "సమస్త మనుష్యుల సమూహము అని చెప్పాలి."

"సమస్త... మనుష్యుల... సమూహము" అన్నది. నేను దిద్దకుండానే మళ్ళీ ఒకసారి అన్నది. "నేను ఏందో నా తెలివి వెట్టిన. మొద్దుదాన్ని. పోయొస్త టీచరమ్మా."

వీధి చివరిదాకా పెదవులు కదుపుకుంటూనే పోయింది.

ఏప్రిల్ 16, సోమవారం

నేను కోరుకున్నది జరిగింది.

ఆయన డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, ఉపన్యాసం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "జరంత సూడు సుగుణా." ఎన్ని రోజులైంది ఈ మాట విని! చేతులు తుడుచుకుని కూచున్నాను.

"సారలమ్మకు వినిపించలేదా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"వినిపియ్య వొయిన. విననన్నది. 'నాకు తెల్వదన్నా, నేను మొద్దుదాన్ని, టీచరమ్మనే అడుగు' అన్నది. పనివోయింది అని గాదు. మనిషే ముడుసుకపోయింది."

చదివాడు. నేను విన్నాను. ఏది ఉంచాలో ఏది తీయాలో నాకు తెలియలేదు. ఒత్తులు తెలుసు, దీర్ఘాలు తెలుసు. ఆ మాట విని జనం ఇంటికి పోతారో నిలబడతారో నాకు తెలియదు.

"బాగుంది" అన్నాను.

"ఏం బాగున్నది?"

ఒక చోట దీర్ఘం తప్పిందని చూపించాను. ఆయన అది చూసి, "ఆమె పరీక్షల ఏం తప్పు జెప్పింది?" అన్నాడు.

చెప్పాను. నవ్వుతూ చెప్పాను, నవ్వొచ్చే జవాబు అన్నట్టు. ఆయన ఆ మాటను మెల్లగా తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. నడిమిట్ల గీత గియ్యకుంట. నడిమిట్ల గీత గియ్యకుంట.

"ఇది తప్పా?"

"పుస్తకంలో అట్లా లేదండీ."

"పుస్తకాన్ని అడుగుతలేను. నిన్నడుగుతున్న."

అప్పుడు నా నోట్లోంచి ఇంకేదో వచ్చింది. "మీరు నాకు చదివి వినిపించడం ఎందుకు మానేశారు?"

ఆయన పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. చెప్పినప్పుడు ఆయన గొంతులో నింద లేదు. అదే నాకు భరించరాకుండా ఉంది.

"నీకు సదివితె నువ్వు దిద్దుతవు సుగుణా. దిద్దుడు మంచిదే, నాకు తప్పులు వస్తయి. గాని పన్నెండేండ్ల సంది నేనేం జెప్తున్ననో ఒక్కనాడు వినలే నువ్వు. ఆమె వింటది."

గని సైరన్ మోగింది. ఆయన బయటికి పోయి అరుగు మీద కూచున్నాడు.

ఏప్రిల్ 17

ఆమె వింటది.

ఏప్రిల్ 20, మంచి శుక్రవారం

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడిలోనే. పాస్టరుగారు "మానవాళి పాపముల నిమిత్తము" అన్నప్పుడల్లా లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు అన్నారు. చిన్నప్పటి నుంచీ ఈ మాట వింటున్నాను. మా నాయన అనేవారు, నేను అంటాను, సండే స్కూలు పిల్లలతో అనిపిస్తాను. ఎంత పెద్ద మాట, నోటికి ఎంత హాయిగా ఉంటుంది. ఆ మాట అంటున్నంతసేపూ ఎవరినీ తలుచుకోనక్కర లేదు. అందుకే నాకు ఇష్టమేమో.

నేను గీత గీశాను. ఎక్కడ గీశానో కూడా నాకు తెలుసు, ఆమె మొగుడి మంచానికీ మా పడక కుర్చీకీ మధ్య.

ఏప్రిల్ 21, శనివారం

వెల్ఫేర్ ఆఫీసరుకు కాగితం రాసి ఇచ్చాను. "మార్కులు కూడుటలో పొరపాటు జరిగినది. శ్రీమతి సారలమ్మకు నలభై ఒకటి." మంచాయన. "ఈ ఎండలకు ఎవలికైన తలకాయ పనిజెయ్యది టీచరమ్మా, ఆరో చోటు ఖాళీనే ఉన్నది, పర్వలే" అన్నాడు. చల్లటి నీళ్ళు కూడా ఇప్పించాడు.

నకలు ఇంట్లో ఆయనకు చూపించాను. చదివాడు.

"పొరపాటా?" అన్నాడు.

"అవును."

తిరిగి ఇచ్చేశాడు. నేను తేలికపడ్డాను. నిజంగానే తేలికపడ్డాను. పని దక్కింది, ఎవరికీ నష్టం లేదు, పెద్దగా రాద్ధాంతం లేకుండా అయిపోయింది. రేపు పండుగ.

ఏప్రిల్ 22, ఈస్టరు

నీలం చీర కట్టలేదు. ఉపన్యాసం వినిపించమని అడిగాను. పెన్సిలు లేకుండా కూచున్నాను. సగం దాకా చదివి, గొంతు బాగాలేదని ఆపేశాడు.

ఏప్రిల్ 28, శనివారం

సారలమ్మ వచ్చింది. లాంపు గదిలో ఐదు రోజులైందట. మొహం శుభ్రంగా ఉంది, రెప్పల మీద బొగ్గు లేదు. కొంగులో మామిడికాయలు కట్టుకుని వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూచుంది కూడా.

"పొరపాటైందట గద టీచరమ్మా. ఆఫీసరు జెప్పిండు. నువ్వే తిరిగి రాసిచ్చినవట. ఎవలు రాసిస్తరు గట్ల? తప్పైందని ఒప్పుకునుడు ఎవలకు వస్తది? నీ రుణం తీర్సుకోలేను."

నేను మంచినీళ్ళు ఇచ్చాను. లింగవ్వ పరీక్షలు ఎట్లా రాసిందని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"రాయలే. బెల్లంపల్లిల మా వదినె కాడికి తోలిన."

"ఎందుకు?"

"పట్టిక అంటించిన నాడు ఇంటికి వొయ్యి కూసున్న. అది బుక్కు వట్టుకోని ఒర్రి ఒర్రి సదువుతున్నది. ఇంత కష్టపడి సదివితిని, తెలివి వెట్టి జవాబు జెప్తిని, అదే తప్పాయె. మన నెత్తురులనే సదువు లేదు బిడ్డా, ఊకె ఎందుకు పరేషాన్ అయితవు అన్న. తెల్లారి బండెక్కిచ్చిన. మా వదినెకు చిన్న పిల్లగాడు, ఎత్తుకునేందుకు మనిషి గావాలె అంటుండె. సోమవారం నుంచి దాని పరీక్షలుండె." కాయల కొంగు ముడి విప్పుతూ అన్నది. "పొరపాటని ముందుగాల తెలిస్తె పంపకపోదును. పోనీ తియ్యి. నువ్వు మాత్రం ఏం జేస్తవు, మనిషివి."

"పిలిపించు. వచ్చే ఏడు మళ్ళీ చేర్పిద్దాం" అన్నాను.

"రానంటున్నది. ఉత్తరం రాసిన, వదినె జవాబు రాపిచ్చింది. 'అమ్మా, మనకు రాదు గద' అన్నదట."

ఆరు మామిడికాయలు వరసగా గట్టు మీద పెట్టి పోయింది. అసలు జరిగింది మాత్రం ఆమెకు చెప్పలేదు నేను. చెప్పడానికి పక్కనే ఉంది, ఒక్కతే ఉంది, రెండు మాటలు చాలు.

ఏప్రిల్ 29, ఆదివారం

గుడికి పోలేదు. పొద్దుటి నుంచీ ఉత్తరం రాస్తున్నాను. మొదటిది రెండు పేజీలు వచ్చింది, "మానవ సహజమైన బలహీనత" అని ఉంది అందులో. చింపేశాను. రెండోదాంట్లో ఆయన పేరు నాలుగు చోట్ల వచ్చింది. అదీ చింపేశాను.

ఆయన డ్యూటీకి పోతూ బల్ల దగ్గర ఆగాడు. మూడోసారి రాసిన కాగితం ఆయన వైపు తిప్పాను. నిలబడే చదివాడు. మేజోళ్ళు వేసుకోవడం మరచిపోయి మళ్ళీ కూచున్నాడు. "ఇయ్యి" అన్నాడు. "లాంపు గదిల ఇయ్యకు. ఇంట్ల ఇయ్యి."

సాయంత్రం పోయి నా చేతులతో ఇస్తాను. ఎవరితోనూ చదివించుకోనక్కర లేదు ఆమెకు. మాట మార్చకుండా ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

"సారలమ్మా, నువ్వు చెప్పిన జవాబు తప్పు కాదు. పుస్తకంలో ఉన్నదానికంటే మంచిది. నాకు ఆ నిమిషమే తెలుసు. మార్కులు కూడడంలో ఏ పొరపాటూ జరగలేదు. నీ మాట మా ఆయన రాసుకున్నాడని, నా మాట రాసుకోలేదని, ఓర్వలేక సున్నా వేశాను. ఈ ఉత్తరం బెల్లంపల్లికి తీసుకుపోయి లింగవ్వకు నువ్వే చదివి వినిపించు. సుగుణమణి."